నాట్లలో నా పాట

పెళ్లయిన మొదటి వానాకాలమే అత్త నన్ను నాట్లకు తీసుకుపోయింది. శామీర్‌పేట చెరువు కింద పటేలు మడులవి. యుద్ధం రోజులు కాబట్టి పటేలుకు పంట మీద ఆత్రం ఎక్కువ. మా అత్త అక్కడ పాటకు పెద్ద. ఆమె ఎత్తుకుంటే ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు, ఆ పాట నడకకే చేతులూ నడిచేవి.

నేను అల్వాల్ దగ్గర మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని. చర్చిలో హార్మోనియం పక్కన నిలబడి పాడినదాన్నని నాకు కొంచెం కాదు, చాలానే పొగరు. పాటగత్తె కోడలు దొరికిందని అత్త కూడా వాడంతా చెప్పుకొంది.

మడిలో దిగాక తెలిసింది నా సంగతి. పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో అందరి నడుములకూ తెలుసు, నాకు తప్ప. వాళ్లంతా నాటుకుంటూ ఒక్కసారే వెనక్కి జరిగిపోతే నేను ముందు ఒక్కదాన్నే మిగిలిపోయేదాన్ని. పక్కామె గొణుక్కుంటూ నా వంతు కూడా నాటేది.

సద్ది తిన్నాక అత్త అందరికీ వినబడేలా అంది: "ఇగ మా కోడలు ఎత్తుకుంటది, మీరు అందుకోన్రి."

నాకు వచ్చినవి చర్చి పాటలే. కళ్లు మూసుకుని పాడేది ఒకటి ఎత్తుకున్నాను. గొంతు బాగానే పలికింది, నన్ను నేనే మెచ్చుకున్నాను. నేను రాగం తీస్తున్నంతసేపూ ఆడవాళ్లు నారు చేతపట్టుకుని, వంగినవాళ్లు వంగినట్టే ఆగిపోయారు.

గట్టు మీద నుంచి పటేలు మనిషి కేకేశాడు: "ఏందమ్మా, నిద్రవోతున్రా? ఇయ్యాల గీ మడి అయితదా, లేదా?"

"గీ పాటకు నాటేస్తే నారు మన చేతులల్లనే ఎన్ను దీస్తది" అంది పక్కామె.

మడంతా ఒకటే నవ్వు. సిగ్గుతో చచ్చిపోయాను. అత్త నవ్వలేదు, అది ఇంకా సిగ్గు. ఆమె నా నోట్లోని చరణాన్నే అందుకుని, సాగిన చోటల్లా తెంపి, ప్రతి ముక్క చివరా "ఉయ్యాలో" తగిలించి పాడింది. చేతులు మళ్లీ కదిలాయి. దేవుని పాటను అలా బురదలో పరుగెత్తిస్తే పాపమేమోనని భయపడ్డాను. నిజం చెప్పాలంటే, ఆ పాట నాకంటే ఆమెకే ఎక్కువ ఒప్పిందని ఒళ్లు మండింది.

ఎట్లాగైనా ఆ వరుసలో నిలబడాలని మర్నాడు పొద్దున్నే కొంగు బిగించి తయారయ్యాను.

అత్త నా మొహం చూడకుండా అంది: "నువ్వు ఇంటికాడనే ఉండు బిడ్డా. పగటికి జొన్న గటుక వండి పట్టుకరా."

తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం గటుక కుండ నెత్తిన పెట్టుకుని చెరువు కట్ట ఎక్కేసరికి మడుల్లోంచి పాట వినబడింది. నాదే. అందరూ నవ్వుకుంటూ, గొంతెత్తి, అత్త వెంట ఉరుకుతున్నట్టు పాడుతున్నారు. కుండ దించమని ఎవరినీ పిలవలేకపోయాను. వాళ్లు నా పాటను పనిలో పెట్టుకున్నారు, నన్ను పెట్టుకోలేదు.