కారం మిల్లు బెల్టు మీద చెయ్యి

2022 ఎండాకాలం. మోటారు రిపేరుకని ప్రత్తిపాడులో కాశింబీ అనే ఆవిడ నడిపే చిన్న కారం మిల్లుకు వెళ్ళాను. గడప దాటకముందే ఘాటుకు తుమ్ములు మొదలయ్యాయి. కరెంటు పనిలో నాకు తుమ్మంటే భయం. ఆ కుదుపుకు చెయ్యి ఎక్కడ తగులుతుందో చెప్పలేం.

స్విచ్ వేస్తే మోటారు మూలుగుతోంది తప్ప తిరగడం లేదు. ఆవిడ తాపీగా వచ్చి, "పాత మెకానిక్కు ఆ డబ్బా మార్చినకాడ్నుంచి ఇంతేనన్నా. బెల్టు పట్టుకుని ఒక్క లాగు లాగితే అదే తిరుగుద్ది" అంటూ లాగి చూపించింది. మోటారు అందుకుంది. లాగడానికి అడ్డమని బెల్టు మీది రేకు మూత ఏనాడో తీసేశారట. 

ఆ డబ్బా పేరు కెపాసిటర్. ఇలాంటి మోటారుకు మొదటి తోపు ఇచ్చేది అదే. దాని మీది అంకెలు కారప్పొడికి అరిగిపోయాయి. విడిగా తీసి, పక్క ప్లగ్గు నుంచి కరెంటు ఇచ్చి, తుమ్మును పళ్ళ బిగువున ఆపుకుంటూ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ చూశాను. 230 వోల్టుల దగ్గర 1.45 యాంపియర్లు. యాంపియర్లను వోల్టులతోనూ, 314తోనూ భాగించి పది లక్షలతో గుణిస్తే కెపాసిటర్ విలువ మైక్రోఫారడ్లలో వస్తుంది. ఆ 314 మన యాభై సైకిళ్ళ సరఫరాకు వాడే అంకె. లెక్క ఇరవై దగ్గర తేలింది. మోటారు ప్లేటు మీద యాభై మైక్రోఫారడ్లని ఉంది. మిగతా ముప్ఫై పని ఇన్నాళ్ళూ పాపం ఆవిడ చెయ్యే చేసింది.

యాభైది కొత్తది బిగించి, ఇక లాగక్కర్లేదని ఒకటికి రెండుసార్లు చెప్పాను. సరేనంది. నేను సామాన్లు సర్దుకునేలోగా తొట్టిలో మిరపకాయలు పోసి, కుడిచేత్తో స్విచ్ వేసింది. ఎడమచెయ్యి బెల్టు మీద ఉంది. లాగింది కూడా.

మోటారు అందుకోలేదు. పని ముగిసేదాకా దాని ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోవడం నా అలవాటు. అదే కరెంటు ఉండి ఉంటే, మోటారు ఈసారి మూలిగేది కాదు. స్విచ్ పడిన క్షణమే పరుగందుకుని ఆవిడ వేళ్ళను పుల్లీలోకి లాక్కుపోయేది.  జేబులోంచి ఫ్యూజు తీసి చూపించాను.

ఆవిడ ఫ్యూజు వంక, తన చేతి వంక చూసుకుంది. 

"నా చెయ్యి ఎప్పుడెళ్ళిందో నాకే తెలవలేదన్నా."

రేకు మూత వెతికించి, బిగించాకే ఫ్యూజు పెట్టాను. నీరసపు మోటారుకు అలవాటుపడ్డ చేతికి, దాన్ని బాగుచేసిన రోజే అసలు ప్రమాదమని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎక్కడ కెపాసిటర్ మార్చినా, ఫ్యూజు పెట్టే ముందు, ఇన్నాళ్ళూ మోటారును ఎలా తిప్పుకొచ్చారో చేసి చూపించమంటాను. చాలామంది నవ్వుతూ బెల్టు మీద చెయ్యి వేస్తారు. నాకు మాత్రం నవ్వు రాదు.