అకారాది క్రమంలో వంటిల్లు

సుబ్బరాజు గారు రిటైరైన మొదటి నెల మెట్టుగూడలో వాళ్ల వీధి ప్రశాంతంగానే ఉంది. ఆయన పేపరు చదివారు, మొక్కలకు నీళ్లు పోశారు, ట్యాంకు నిండిందో లేదో మేడెక్కి చూసి వచ్చారు. రెండో నెలలో ఆయన దృష్టి వంటింటి మీద పడింది. తాగిన కాఫీ గ్లాసు పెట్టడానికి తప్ప ఏనాడూ ఆ గడప తొక్కని మనిషి, ఒకరోజు పొద్దున్నే నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇదేం స్టోరు లీలా? ఒక పద్ధతీ పాడూ ఉందా?" అన్నారు. అది స్టోరని లీలాకుమారి గారికి అప్పటిదాకా తెలీదు.

ఆయన ఉద్యోగమంతా మౌలాలి వైపు రైల్వే స్టోర్సులోనే గడిచింది. బోల్టులు ఒక అరలో, నట్లు ఇంకో అరలో, దేని చోటు దానిది. తన సంతకం పడనిదే వాషరు కూడా బయటికి కదిలేది కాదని ఆయనే చెబుతుంటారు, చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు గనక. ఇప్పుడేమో పాలవాడు తలుపు కొట్టి, ఎదురుగా ఆయన నిలబడి ఉన్నా, "అమ్మగారు లేరా?" అంటాడు. ఇంట్లో తనను ఎవరూ ఏదీ అడగడం లేదన్నదే ఆయన అసలు బాధ. అది పైకి చెప్పుకోవడానికి నామోషీ కాబట్టి, కోపం డబ్బాల మీదికి మళ్లింది.

జనరల్ బజారుకు వెళ్లి ఒకే సైజు గాజు సీసాలు పట్టుకొచ్చారు. ఒక్కొక్కదానికీ చీటీ అంటించి, అన్నింటినీ అకారాది క్రమంలో పేర్చారు. అటుకుల పక్కన ఆవాలు, ఆవాల పక్కన ఇంగువ. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది, వంట చేయడమే కాస్త ఇబ్బంది. నూనె కాగాక ఆవాల కోసం కిటికీ దగ్గరికి, జీలకర్ర కోసం మధ్య అరకు, మినప్పప్పు కోసం ఫ్రిజ్ పక్కకు వెళ్లిరావాలి. తిరిగొచ్చేసరికి ఆవాలు బొగ్గయ్యేవి. "పోపు మాడిందే" అని సుబ్బరాజు గారే కంచం ముందు ఎత్తిచూపేవారు. తప్పు పట్టడంలో ఆయనకు తన పర భేదం లేదు, ఒక్క తనను మినహాయిస్తే.

పోపుల డబ్బాను చూసి మాత్రం ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "ఇన్ని రకాల సరుకు ఒకే డబ్బాలోనా? మా ఆఫీసులో అయితే మెమో ఇచ్చేవాళ్లు" అని దాన్ని అటకెక్కించారు. లీలాకుమారి గారు ఒక నిట్టూర్పు విడిచి, కొంగు బిగించి, కిటికీకీ ఫ్రిజ్‌కీ మధ్య తిరగడం అలవాటు చేసుకున్నారు.

ఆవిడ భీమవరం పిల్ల. ఈ వీధికి కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ప్రతి వేసవిలో ఆవకాయ పెడతారు. అది ఊరాక ఇరుగుపొరుగు గిన్నెలు పట్టుకుని మేడెక్కుతారు. కింది వాటాలో ఏళ్ల తరబడి ఉంటున్న స్వర్ణలత అందరికంటే ముందు వస్తుంది. పాటలు పాడి, పద్యాలు చెప్పి తెచ్చుకున్న పేరేమీ లేదు లీలాకుమారి గారికి. వీధిలో ఉన్న పేరల్లా ఆ జాడీయే.

ఆ ఏడు ఆవకాయ పెట్టి, తిరగకలిపి, వాసెన కట్టి జాడీని మూలన పెట్టారో లేదో, అల్వాల్‌లో ఉండే కూతురు మాధురి కాలు బెణికిందని ఫోన్ చేసింది. "జాడీ జోలికి వెళ్లకండి" అని భర్తకు చెప్పి ఆవిడ బయల్దేరారు. అలా చెప్పకుండా ఉంటే బహుశా ఆయనకు దాని సంగతి గుర్తుండేది కాదు.

జాడీ మీద చీటీ లేదు. లోపలేముందో బయటికి కనబడదు. మూత తీసి చూస్తే ముక్కల మీద వేలెడు నూనె తేలి ఉంది. సుబ్బరాజు గారికి విషయం అర్థమైపోయింది: నూనె వేరు సరుకు, ఊరగాయ వేరు సరుకు. పైనున్న నూనెనంతా గరిటెతో శ్రద్ధగా తోడి సీసాలో పోసి నూనెల వరసలో పెట్టారు. ముక్కల్ని అప్పుడే కడిగిన గాజు సీసాల్లోకి ఎత్తి, అందరికీ కనబడేలా సింకు పక్కన, కిటికీ ఎండలో పేర్చారు. శుభ్రత విషయంలో ఆయన రాజీ పడరు, సీసాలను రెండేసి సార్లు కడిగారు.

పది రోజులకు లీలాకుమారి గారు తిరిగొచ్చారు. చెప్పులు విడుస్తుండగానే వెనకాలే గిన్నెతో స్వర్ణలత వచ్చింది. సుబ్బరాజు గారికి ప్రాణం లేచొచ్చింది. "రామ్మా, ముందు మా వంటిల్లు చూద్దువుగాని" అని ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్లారు.

"మస్తుంది సార్. మెడికల్ షాపు లెక్కుంది" అంది స్వర్ణలత. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నారు. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి ఒక సీసా చేతిలోకి తీసుకుని, మూత తీసి, ముక్కు చిట్లించింది. "గిదేంది అక్కా, బూజు పట్టింది గదా?"

అన్ని సీసాల్లోనూ తెల్లగా పట్టింది. లీలాకుమారి గారు ఆ సీసాల వంక చూశారు, నూనెల వరసలో ఎర్రగా నిలబడ్డ కొత్త సీసా వంక చూశారు, చివరికి భర్త మొహం వంక చూశారు. ఆ మొహంలో చదవలేనిదేమీ లేదు.

"సీసాల్లోకి నేనే తియ్యమన్నానమ్మా. ఊరెళ్లే హడావిడిలో తడి గరిటె ఇచ్చినట్టున్నాను" అన్నారు ఆవిడ, స్వర్ణలత వైపు తిరిగి.

తడి గరిటె. తెలుగింట్లో ఆవకాయ పెట్టే ఆడమనిషి చచ్చినా ఒప్పుకోని తప్పు. స్వర్ణలత ఒక్క క్షణం ఆవిడ కేసి జాలిగా చూసి, "ఫికర్ జెయ్యకు అక్కా, వయసు మీదికొస్తుంటే గిట్లనే అయితది" అని ఖాళీ గిన్నెతో దిగి వెళ్లిపోయింది. సాయంత్రానికి వీధంతా పాపం అనుకుంది.

"అలా ఎందుకన్నావు?" అని సుబ్బరాజు గారు నీరసంగా అడిగారు.

"వంటిల్లు బాగుందని మిమ్మల్ని ఒక్కరు మెచ్చుకున్నారు కదండీ. అదెందుకు చెడగొట్టడం?" అని ఆవిడ సీసాలు ఖాళీ చేయడానికి గరిటా చెత్తబుట్టా తెచ్చుకున్నారు. ఆ మాటలో ఎగతాళి ఎంతో, కనికరం ఎంతో ఆయనకు తేలలేదు. సిగ్గు మాత్రం నిండా కమ్ముకుంది.

ఆదివారం నాడు స్వర్ణలత తను పెట్టిన ఆవకాయ తెచ్చింది. అల్లం వెల్లుల్లి ముద్ద దట్టించిన తెలంగాణ పచ్చడి. "నీ లెక్క రాదు గానీ, ఈ యాడాదికి జెర సర్దుకో అక్కా" అంది. ఇన్నేళ్లూ పెట్టిన చెయ్యి మొదటిసారి చాచి పుచ్చుకుంది. "బాగుంటుందమ్మా నీ చేతిది, నాకు తెలుసు" అన్నారు లీలాకుమారి గారు నవ్వుతూ.

మధ్యాహ్నం అదే పచ్చడి కంచంలో పడింది. సుబ్బరాజు గారు ఒక ముద్ద కలిపి, తినకుండా పట్టుకు కూర్చున్నారు.

"ఇప్పుడే కిందికి వెళ్లి, చేసింది నేనేనని చెప్పేస్తాను" అన్నారు.

"అన్నం చల్లారిపోతోంది, తినండి."

ఆయన తిన్నారు. మారు కూడా వడ్డించుకున్నారు. కిందికి మాత్రం వెళ్లలేదు.