బోల్టులు అడిగిందెవరు?

నేను పుట్టు అనుమానప్పక్షిని. న్యూజెర్సీ ఎడిసన్‌లో దోసె తినడానికి వెళ్లినా ముందు పైకప్పు దూలం చూసి, ఆ తర్వాతే కుర్చీ లాగుతాను. పెళ్లిపందిట్లో తనకంటే ముందు రాటల్ని చూశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు ఉద్యోగానికి ఆ బుద్ధి బాగానే పనికొచ్చింది.

అమెరికా దక్షిణాదిలో ఒక చిన్న ఊళ్లో, ఒకప్పుడు తెల్లవాళ్ల గుంపులు చెట్లకు ఉరేసిన నల్లవారి కోసం స్మారకం కడుతున్నారు. పొడవాటి కాంక్రీటు గోడ, దాని మీద ఉక్కు పలకలు, ఒక్కో పలక మీద ఒక్కో పేరు. పలకల్ని గోడకు బిగించే డిజైన్ నా వంతు. వెల్డింగ్ అన్నాను. అతికితే ఇక ఊడదు.

కొన్నాళ్లకి ఆ ఊరి టౌన్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వెల్డింగ్ వద్దట, బోల్టులు కావాలట. ఎవరడిగారంటే, కమిటీ అన్నారు. ఎందుకంటే, మాట మార్చారు.

బోల్టు పెట్టేది ఎప్పుడో విప్పడానికే కదా! రేపొక కొత్త మేయరు వస్తాడు, ఇదంతా ఊరికి చెడ్డపేరంటాడు, ఒక్క రెంచితో పేర్లన్నీ మాయమవుతాయి.

ఆఫీసులో పక్క సీటు తెలంగాణ మిత్రుడికి చెప్పాను.

"నీకెందుకన్నా ఈ లొల్లి? నీ వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా అప్రూవ్ కాలే. సప్పుడు చేయకుండ బోల్ట్స్ డిజైన్ చేసి పంపియ్."

వాడన్నదీ నిజమే. అయినా చూస్తూ చూస్తూ ఊరుకోలేక, సైట్ మీటింగ్‌కి నేనే వెళ్తానన్నాను.

మీటింగ్ చర్చి హాల్లో జరిగింది. టౌన్ మేనేజర్ నవ్వు మరీ తియ్యగా ఉంది, నాకు నచ్చలేదు. లేచి అడిగేశాను.

"ఈ బోల్టులు ఎవరికి కావాలి? విప్పేదెవరు?"

ఆయన బల్ల చివరికి చూశాడు. అక్కడొక పెద్దావిడ కూర్చుంది, కమిటీ సభ్యురాలు, రిటైరైన టీచరు. ఆవిడ తాతగారి తమ్ముడి పేరు ఒక పలక మీద ఉంది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నేను ఎవరి తరఫు మనిషినో తేల్చుకుంటోందనిపించింది.

"నేనే అడిగాను. విప్పేది కూడా మేమే."

"ఎందుకు మేడమ్? వెల్డింగ్ అయితే ఎవరూ పీకలేరు."

"పీకలేకపోతే సుత్తులు తెస్తారు. వాళ్లు ఎప్పటికీ రారని నువ్వు సంతకం పెడతావా?"

నా ముందున్న వెల్డింగ్ డ్రాయింగు మడిచేశాను.

"వాళ్లొస్తున్నారని తెలిసిన రోజు, వాళ్లకంటే ముందే విప్పుకుని మావాణ్ని ఇంటికి తీసుకెళ్తాం. అప్పట్లో చెట్టు మీంచి దించుకోవడానికి కూడా మావాళ్లని దగ్గరికి రానివ్వలేదు" అంది. మళ్లీ తనే అడిగింది, "ఒక్క పలక మొయ్యాలంటే ఎంతమంది కావాలి?"

"నలుగురైదుగురు మగవాళ్లు."

"మా ఇంట్లో నేనూ మా చెల్లెలూ ఉన్నాం" అంది.

న్యూజెర్సీ తిరిగొచ్చాక, గాలికీ భూకంపానికీ కదలకుండా నిలబెట్టే లెక్కలన్నీ మళ్లీ తెరిచాను. ఇద్దరు ముసలి ఆడవాళ్లు ఎత్తి కారులో పెట్టుకోగలిగేదాకా పలక మందం తగ్గిస్తూ వచ్చాను. చివరికి లెక్క కుదిరింది. కుదిరినందుకు ఏడుపొచ్చింది.