కరిచింది ఎర్తు వైరు

మా బావ పోయాడన్న సంగతి నాకు ఒక ఫ్లెక్సీ ఫొటో చూస్తే తెలిసింది. ఊళ్లోవాళ్లెవరో వాట్సాప్‌లో పెట్టారు. ఎడమ పక్క చంకకర్రతో బావ. కుడి పక్క, బావకి రెట్టింపు సైజులో, చేతులు జోడించి మా ప్రెసిడెంటు గారు. కింద ఎర్రక్షరాల్లో ‘పాముకాటును జయించిన ధీరుడికి అశ్రునివాళి’. ఆ ఫ్లెక్సీ కట్టించింది ఎవరో చెప్పనక్కర్లేదు. అందులోని అబద్ధం కూడా ఆయనదే. చచ్చిపోయినవాడి కింద అబద్ధం రాసి కరెంటు స్తంభానికి కట్టారు కాబట్టి ఇది రాయాల్సి వస్తోంది.

బావ నాకు చుట్టం కాదు. హంసలదీవి వెళ్లే దారిలో మా ఊరు. అక్కడ వరసలు పిలుపుతో వస్తాయి. ఆయన నన్ను బామ్మర్దీ అనేవాడు, నేను బావా అనేవాణ్ని. ప్రెసిడెంటు గారి పొలమే కౌలుకి తీసుకుని వరి వేసేవాడు. ప్రెసిడెంటు గారంటే ఇప్పుడు ప్రెసిడెంటేమీ కాదు. పదవి పోయి చాలా కాలమైంది. ఊరు మాత్రం ఆ పిలుపు మానలేదు. వంగడం అలవాటైన నడుం ఎన్నికలయ్యాయని నిటారు కాదు.

ఆయనకొక పాత డీజిల్ జీపు ఉండేది. తాళం తిప్పితే సెల్ఫ్ టక్కుమనేది, అంతే. ఇంజిను తిరిగేది కాదు. కొండ ఊళ్లలో అయితే ఇలాంటి బండిని రాత్రి వాలులో నిలబెట్టుకుంటారు, పొద్దున్న దొర్లించి గేరు వేస్తారు. మా దివిసీమ అరుగులా చదును. మా ఊళ్లో వాలంటే మనుషులే. పాలేరు వీధి మొదట్లో నిలబడి “అయ్యగారు బయల్దేరుతున్నారు” అని కేకేస్తే, టీ తాగేవాడు గ్లాసు పెట్టి, పళ్లు తోముకునేవాడు నోరు పుక్కిలించి, వెళ్లి జీపు వెనక చేతులు వేసేవాళ్లు. ఆ చేతుల్లో బావవి ఎప్పుడూ ఉండేవి. కౌలు కాగితం మీద లేని షరతు అది.

ఎందుకు బాగు చేయించలేదని అడగాలి కదా. పిసినారితనం అనుకుంటే పొరపాటు. బ్యాటరీ మీద బ్యాటరీ మార్చాడు ఆ పెద్దమనిషి. అసలు జబ్బు ఏమిటో వెతికించలేదు, ఎందుకంటే వెతికించాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. ఊరికే దొరికే చేతులున్నచోట వైరు గురించి ఎవడు ఆలోచిస్తాడు? ఇంకా నిజం చెప్పాలంటే ఆయనకు అలా తోయించుకుని వెళ్లడం ఇష్టం. సెల్ఫ్ కొడితే వెళ్లేది ఒక్క జీపే. తోయిస్తే ఊరు కూడా కదుల్తుంది.

జీపు మాత్రం తన జబ్బు తను చెబుతూనే ఉంది. బ్యాటరీ చచ్చిపోతే సెల్ఫ్ తిప్పినప్పుడు లైట్లు గుడ్డివైపోవాలి. ఈ జీపుకి అవి దాదాపు అలాగే వెలిగేవి. పైగా ఇంజిను ఆపడానికి లాగే సన్నటి కేబుల్ ఒకటి ఉంటుంది, అది కాలిపోయేది. డ్రైవరు వేళ్లు చురుక్కుమని వెళ్లి చెప్పుకుంటే ప్రెసిడెంటు గారు, “గుడ్డ పెట్టి లాగరా” అన్నారు. అక్కడికి ఆ సమస్య అయిపోయింది.

వరికోతల్లో బావని రక్తపింజరి కాటేసింది. ఫోన్ కొడితే అంబులెన్సు వచ్చే రోజులు కావు. మోసుకొచ్చి జీపు వెనక సీట్లో పడుకోబెట్టాం. డ్రైవరు తాళం తిప్పాడు. టక్. మళ్లీ తిప్పాడు. టక్. మిగతా మగవాళ్లంతా దూరపు చేలల్లో ఉన్నారు. తోయడానికి నేనూ, పాలేరూ, నేను అక్కా అని పిలిచే బావ భార్యా మిగిలాం. ముందు రోజు వాన పడి వాకిలంతా బురద. చక్రం కదలడం, ఆగడం, గుంటలో కూర్చోవడం.

ప్రెసిడెంటు గారు ముందు సీట్లో ఉన్నారు. అక్క ఆయన దగ్గరికెళ్లి బతిమాలింది.

“అయ్యగారూ, తమరు కాస్త దిగితే తేలికవుద్దండీ.”

“నేను దిగితే దారెవరు చెప్తారమ్మా?”

మా ఊరి నుంచి అవనిగడ్డ ఆసుపత్రికి ఉన్నది ఒకటే రోడ్డు. ఆ రోడ్డు మీద ఆ డ్రైవరు పుట్టి పెరిగాడు. ఆయనకి అడ్డొచ్చింది బరువు కాదు, పరువు.

అప్పుడు బావ దిగాడు. వాచి నల్లబడుతున్న కాలితో, గుడ్డ కట్టుతో, వెనక్కొచ్చి మా పక్కన చేతులు వేశాడు. వద్దంటే వినలేదు. “మీ వల్ల కాదెహె, జరగండి” అన్నాడు. పాము కరిచినవాడు కదలకూడదని చదువుకున్న నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కదలకపోతే జీపు కదలదని కూడా ఇద్దరికీ తెలుసు. ఇంజిను అంటుకునేసరికి బావ బురదలో మోకాళ్ల మీద ఉన్నాడు. అక్కడి నుంచి ఎత్తి లోపల వేశాం. అవనిగడ్డ నుంచి బందరు పంపారు. బందరులో మోకాలి పైకి కాలు తీసేశారు. ముందే తెచ్చుంటే దక్కేదేమో అని డాక్టరు అక్కతో అన్నాడు. ఆ ఒక్క మాటతోనే బావ మిగతా జీవితం బతికాడు.

తిరిగొచ్చాక ప్రెసిడెంటు గారు పరామర్శకి వచ్చారు. “మోపిదేవి వెళ్లి పుట్టలో పాలు పోసిరా, దోషం పోద్ది” అన్నారు.

బావ మంచం మీద నుంచి లేవకుండానే అడిగాడు. “పాముకి పాలు పోస్తానండీ. మరి జీపుకేం పొయ్యమంటారు?”

మరుసటి సార్వా పంటకి కౌలు పోయింది.

కొన్నాళ్లకి జీపు అమ్మకానికి వచ్చింది. కొనేవాడు గుడివాడ నుంచి వస్తూ తన ఎలక్ట్రీషియన్ని తెచ్చుకున్నాడు. ఆ మనిషి ఒకసారి సెల్ఫ్ కొట్టించి టక్కు విన్నాడు, లైట్లు చూశాడు, కేబుల్ మీద చెయ్యి పెట్టి తీశాడు. తర్వాత సంచిలోంచి వేలంత లావు వైరు ముక్క తీసి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజిను దిమ్మకి పట్టించాడు. “ఇప్పుడు కొట్టు” అన్నాడు. జీపు బుర్రున స్టార్టయింది. వెనక చేతులు వెయ్యడానికి అలవాటుగా వచ్చి నిలబడ్డవాళ్లు అలాగే నిలబడ్డారు.

ఆయన విడమర్చి చెప్పాడు. కరెంటు బ్యాటరీ నుంచి వెళ్లడమే కాదు, మళ్లీ బ్యాటరీకి తిరిగి రావాలి. వచ్చే దారి ఇంజినుకీ, బ్యాటరీ మైనస్ కట్టిన బండి చట్రానికీ మధ్య ఉండే ఎర్తు వైరు. మీ సముద్రపు గాలికి అది చిలుం పట్టి తెగిపోయింది. దారి లేక కరెంటు ఆ సన్న కేబుల్లోంచి వెనక్కి రావాలని చూసింది, అది పాపం తట్టుకోలేక కాలింది. కొనేవాడు ఆ మాటలు వింటూనే బేరం ఖాయం చేశాడు. కౌలు రైతు గురించి ఇంతకంటే బాగా చెప్పిన ఆర్థికశాస్త్రం నేను చదవలేదు, కానీ ఆ మాట అక్కడ అనలేదు, ఎందుకంటే బావ చంకకర్ర మీద ఒరిగి ఇంజిను కేసి చూస్తున్నాడు.

ఊడదీసిన పాత ఎర్తు వైరు బావ ఇమ్మని అడిగి పుచ్చుకున్నాడు. అల్లిన రాగి పట్టీ అది, చదునుగా, ఆకుపచ్చగా, సగంలో తెగి. నేరుగా టీ కొట్టుకి వెళ్లి ప్రెసిడెంటు గారు కూర్చున్న బల్ల మీద పరిచాడు. ఒకాయన పామనుకుని లేచి నిలబడ్డాడు.

“కూర్చోండి. కరిచేది మిమ్మల్ని కాదు” అన్నాడు బావ. ప్రెసిడెంటు గారి వైపు తిరిగి, “కరిచింది ఇదండీ. చూసుకోండి, మీరు పెంచిందే” అన్నాడు.

ప్రెసిడెంటు గారు టీ పూర్తి చేసి, “రాత ఎవరు తప్పిస్తారయ్యా” అంటూ వెళ్లిపోయారు.

ఆనాటి నుంచి బావకి కావలసింది ఒకటే. జీపు బాగుచేయించకపోవడం తన తప్పని ఆ మనిషి నలుగురిలో ఒక్కసారి అనాలి. డబ్బిస్తానంటే ఉమ్మేశాడు. కేసు వేద్దామని నేనంటే, “కోర్టు చెప్తే ఏంట్రా, ఆయన నోటితో రావాలి” అన్నాడు.

టీ కొట్టు ముందు ఎవరి బండి ఆగినా బావ బెంచీ మీంచే నిలదీసేవాడు. “హారన్ మోగుతుందా? సెల్ఫ్ కొడితే లైటు తగ్గుతుందా? తగ్గకపోతే బ్యాటరీని ఎందుకు తిడతావ్, నీ పెళ్లాన్ని తిట్టినట్టు? ఎర్తు చూడు.” ఎవరైనా ఆటో తోస్తుంటే అరిచేవాడు, “తోసే ముందు లోపల కూర్చున్నాణ్ని దించండ్రా.” బావ దయగల మనిషి కాదు. జాలి చూపించిన వాళ్లని ఏడిపించి పంపేవాడు. నేను ఆ దించమనే మాటని గుడివాడ సభలో నా ఉపన్యాసంలో వాడుకున్నానని తెలిసి, వారం తర్వాత కనపడితే, “చప్పట్లు బాగా కొట్టారంటగా బామ్మర్దీ? నా కాలు ఎక్కి ఎత్తుగా నిలబడ్డావా?” అన్నాడు. అంతకంటే నిక్కచ్చి విమర్శ నా వ్యాసాలకి రాలేదు. ఇవాళ ఇలా రాస్తున్నందుకు కూడా తిట్టేవాడే. తిట్టనివ్వండి. ఎదుటివాడి మొహం మీద నిజం ఎలా పెట్టాలో నాకు నేర్పింది ఆయనే.

పోవడానికి కొద్ది రోజుల ముందు వెళ్లాను. కిడ్నీలు పాడయ్యాయి. మనిషి మంచానికి అంటుకుపోయి ఉన్నాడు, చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి. వీధిలో ఏ బండి సెల్ఫ్ మొరాయిస్తోందో మంచం మీంచి చెబుతున్నాడు. ప్రెసిడెంటు గారు వచ్చారు. ఆయనా ముసలాయనే ఇప్పుడు. గదిలో నేనూ అక్కా. గుమ్మం బయట ఊళ్లోవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు.

ఆయన మంచం పక్కన కుర్చీ లాక్కుని, వంగి, బావ చెవి దగ్గర నోరు పెట్టి గొణిగారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. “ఆ జీపు నేను బాగు చేయించుకోవాల్సింది. తప్పు నాదే.”

ఇన్నేళ్లూ బావ అడిగింది అదే. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ కళ్లు మూసుకుని విన్నాడు, తర్వాత తెరిచాడు.

“వినపళ్లేదండీ. కాస్త గట్టిగా.”

ప్రెసిడెంటు గారు గుమ్మం వైపు చూశారు. బయట మాటలు ఆగిపోయాయి. ఆయన కుర్చీలోంచి సగం లేచి, ఒక చెయ్యి మంచం కోడు మీద పెట్టి, నోరు తెరిచారు. ఆ తెరిచిన నోటిలోకి బావ ఎంతో మర్యాదగా, తీరిగ్గా చూస్తూ పడుకున్నాడు.