వంగిన గోడ, దాగని చెవులు

ఇప్పుడు తలుసుకుంటే నవ్వొస్తది గని, ఆ మాస్కుల దినాలల్ల మనిషి మొఖం అంటే రెండు కండ్లు, రెండు చెవులే. ముక్కు, మూతి, పండ్లు అన్నీ లోపలికి పోయినయ్. ముక్కు వంకరున్నోళ్లు, పండ్లు ఎత్తున్నోళ్లు అందరు హాయిగ తిరిగిండ్రు. కష్టమంత నా అసొంటోనికే వచ్చింది. దేవుడు నాకు అన్నీ సక్కగనే పెట్టి, చెవుల కాడికొచ్చేసరికి చెయ్యి జారినట్టున్నది. అవి తలకాయకు ఆనుకోని ఉండవు, రెండు దిక్కుల తలుపులు తెరిచి పెట్టినట్టు ఉంటయ్. దానికి తోడు జర్మనీల దుకాణంలకు పోవాల్నన్నా, ట్రామెక్కాల్నన్నా ఆ గట్టి తెల్ల మాస్కు ఉండాలె. దాని రబ్బర్లు చెవులను ముంగటికి గుంజి పట్టేటియి. లైప్‌జిగ్‌ల ట్రాము అద్దంల నన్ను నేను చూస్కుంటే, ఇంకొంచెం జోరుగ పోతె వీడు గాలికి లేస్తడేమో అనిపించేది. (నేను చదివింది ఐదో తరగతి. ఇంత పొడుగు రాసుడు ఇదే మొదలు. తప్పులుంటే జెర సర్దుకొని చదువుర్రి.)

మాది జగిత్యాల దిక్కు. బడిల నన్ను పేరు పెట్టి పిలిచినోడు లేడు, సార్లు సుత 'చాటలోడా' అనే పిలిచేటోళ్లు. కటింగు చేసే మామయితే నా చెవి పట్టుకోని తిప్పి, "చానలు మారుతలేదేందిరా?" అనేటోడు. దోసెల పని నేర్చి, వంటమనిషి వీసా మీద లైప్‌జిగ్‌కు వచ్చినంక ఆ బాధ తప్పిందనుకున్న. పొయ్యి కాడ నెత్తికి గుడ్డ కట్టుకుంటం కద, చెవులు దాంట్లనే ఉండేటియి. మా హోటలు నడిపే అన్న సొంతూరు గుంటూరు. ఆయన భార్య, మా వదిన కూడా అక్కడామెనే, జర్మను భాష మంచిగ వచ్చు. వాళ్లకు ఆరేండ్ల పాప. తెలుగుల ఏమడిగినా జర్మనుల జవాబు చెప్తది. కరోనాల హోటల్ల కూసోని తినుడు బందయింది, కుర్చీలన్ని బల్లల మీద బోర్లేసినం, పార్సిళ్లు మాత్రం ఇచ్చేటోళ్లం. పని సగమైంది. చేతిల పని లేనోనికి ఏం దొరుకుతది? అద్దం దొరుకుతది.

ఒకనాడు ఫోన్ల ఒక ప్రకటన వచ్చింది. బెర్లిన్ల ఒక దవాఖాన. చెవులు ఎనుకకు కుడ్తరట. ముందుగాల్ల ఫోటోలు పంపితె, ఆపరేషన్ అయినంక ఎట్ల ఉంటవో కంప్యూటర్ల చేసి చూపిస్తరట. సిగ్గు పక్కకు వెట్టి వదినకు చూపెట్టిన. ఆమె చదివి, నా దిక్కు చూసి, నవ్వు ఆపుకోని, "సరేనయ్యా, ఫోటోకి పోయేదేముంది? దా, నిలబడు" అన్నది. ముంగటి నుంచి ఒకటి, కుడి, ఎడమ, ఎనుక నుంచి ఒకటి కావాల్నట. నవ్వద్దట. గోడ తెల్లగ, ఏం లేకుంట ఉండాల్నట. మా హోటల్ల తెల్ల గోడ ఏడిది? అన్నిట్ల దేవుళ్ల పటాలు, ఏనుగుల బొమ్మలు. ఆఖరికి వంటింట్ల నీలం గీతల టైల్సు కాడ నిలవడ్డ. వదిన "గడ్డం దించు అబ్బాయ్. అంత కాదు. పోలీసోళ్లు పట్టుకున్నట్టు మొహం పెట్టకు" అనుకుంట తీస్తనే ఉంది. పాప పక్కన స్టూలెక్కి కూసోని ప్రతి ఫోటోకు "వారుం?" అని అడుగుడే. ఎందుకు అని దాని అర్థం. "బాబాయి చెవులు లోపలికి పెట్టించుకుంటాడంటమ్మా" అని వదిన చెప్తే, మళ్ల "వారుం?" అన్నది.

కొన్ని దినాలకు ఫోటో తయారై వచ్చింది. మొఖం నాదే, అంగీ నాదే, చెవులు మాత్రం ఏ సినిమా హీరోవో. బుద్ధిగ తలకాయకు అతుక్కొని ఉన్నయ్. నేను ఫోన్ దూరం పట్టి చూసిన, దగ్గర పట్టి చూసిన. పాపకు చూపెట్టిన. అది కొద్దిసేపు చూసి "వేర్ ఇస్ట్ దాస్?" అన్నది. ఇదెవలు అని! పసిపిల్లకేం తెలుసులే అనుకోని ఆపరేషన్‌కు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, తీసుకొమ్మని వదినకు చెప్పిన. చలికాలం పోయినంక దొరికింది. ఆ సంబురంల ఫోటోను ఊర్ల మా అక్కకు పంపిన. 'ఎట్లున్న?' అని రాసిన, అంతే.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలె. మా ఇండ్లల్ల పెండ్లి కాని పోరడు ఏ ఫోటో పంపినా అది పెండ్లి ఫోటోనే. గొర్రె పక్కన నిలవడి దిగినా సరే, గొర్రెను కత్తిరిచ్చి సంబంధాలోళ్లకు పంపుతరు. మా అక్క అంతకన్న రెండాకులు ఎక్కువ. తెల్లారి ఫోన్ చేసి, "తమ్మీ, జర్మనీ నీళ్లు పడ్డయిరా నీకు! మెట్‌పల్లి సంబంధమోళ్లకు పంపిన. వాళ్ల నాయినకు మస్తు నచ్చినవట. ఆదివారం వీడియోల మాట్లాడుతరు" అన్నది. "అక్కా, అది నేను కాదే" అంటే, "మరెవలురా, మీ బావనా?" అన్నది. నిజం చెప్దామని నోరు తెరిచేలోపల పిల్ల ఫోటో వచ్చింది. కుట్టు మిషిని ముంగట కూసున్నది, మెడల కొలత టేపు ఉన్నది, ఫోటో తీసేటోని మీద కోపమొచ్చినట్టు చూస్తున్నది. అంతే, నా నోరు మూసుకున్నది. అంతకుముందు రెండు మూడు సంబంధాలు నన్ను చూసినంకనే పోయినయ్. ఇది పోవద్దు అనిపించింది. ఈ పిల్ల పోవద్దు.

వదినకు చెప్తే తల పట్టుకున్నది. తర్వాత తనే ఉపాయం చెప్పింది. మనుషులు దూరం దూరం నిలవడాల్నని హోటల్ నేల మీద గీతలేసేటానికి పసుపు, నలుపు పట్టీల టేపు తెచ్చినం. దాన్ని మడత పెట్టి రెండు చెవుల ఎనుక అంటేసింది. అద్దంల చూస్తే అచ్చం ఆ ఫోటోల పిల్లగాడే! "ఒక్కటే మాట విను. తల ఊపకు. నవ్వకు. చెమట పట్టనీకు" అన్నది వదిన. (తల ఊపకుంట మాట్లాడుడు మనోళ్లతోని అయితదా, మీరే చెప్పుర్రి.)

ఆదివారం మధ్యాహ్నం. బోర్లేసిన కుర్చీల నడుమ ఒక్క బల్ల సాపు చేసుకోని కూసున్న. అవుతల పిల్ల, పిల్లను కన్న అవ్వ, నాయిన. మా అక్క, బావ సుత వాళ్లింట్లనే ఉన్నరు. వదిన కెమెరాకు కనవడకుంట నా ఎదురుంగ నిలవడి, తల ఊపకు, తల ఊపకు అని చేతులతోని సైగలు చేస్తున్నది. నాయిన అడిగిన వాటికి నేను రాతిబొమ్మ లెక్క మెడ బిగవట్టి "ఆ అండి, లే అండి" అని చెప్పుకుంట వచ్చిన. మంచిగనే నడుస్తున్నది. అప్పుడు పిల్ల నోరు తెరిచింది.

"ఒకటి అడుగుత. అక్కడ గోడలు వంకరగ కడ్తరా?"

నాకు సమజ్ కాలె. "గోడలా?"

"మీరు పంపిన ఫోటోల. టైల్సు గీతలు అంతట సక్కగున్నయ్, మీ చెవుల కాడికొచ్చి వంగినయ్. రెండు దిక్కుల."

నాకు చెమట పట్టింది. కంప్యూటర్ల చెవులను లోపలికి తోసినోళ్లు, పక్కనున్న గోడను సుత ఇంత లోపలికి తోసిండ్రన్నట్టు. తెల్ల గోడ ఎందుకు అడిగిండ్రో అప్పుడు అర్థమైంది. వాళ్ల అవ్వ, "గోడ సంగతి నీకెందుకే? బిడ్డా, నాకు దండం పెట్టకపోతివి" అన్నది. కంగారుల రెండు చేతులు ఎత్తి, తల వంచి దండం పెట్టిన. టప్పుమని కుడి చెవి లేచి నిలవడ్డది. దాని ఎంబడే పసుపు నలుపు టేపు ముక్క జుంకా లెక్క ఊగుతున్నది.

వదిన రెండు చేతులతోని మొఖం మూసుకున్నది. పిల్ల నాయిన లేచి, "ఇదేం మోసమయా? ఫోటో మార్చి పంపుతరా? బంద్ చెయ్యి ఫోను" అని గరం అయిండు. మా అక్క "అన్నా, ఆగు అన్నా" అని బతిమాలుతున్నది. ఇగ అయిపోయింది అనుకున్న. అప్పుడు నవ్వు వినవడ్డది. పిల్ల కొంగు నోట్ల పెట్టుకున్నా ఆగుత లేదు.

"బాపూ, కూసో. ఆ ఫోటో చూసి వద్దని పొద్దునే చెప్పిన కద నీకు, సెల్లు దుకాణం బోర్డు మీది బొమ్మ లెక్కున్నడని. నువ్వే కద జబర్దస్తీ కూసోవెట్టినవ్." నా దిక్కు తిరిగి, "రెండోది కూడా ఇడువుర్రి, నొస్తలేదా?" అన్నది.

ఇడిసిన. అది సుత లేచి నిలవడ్డది. పాణం ఎంత సుఖమైందో! అవ్వ ఫోన్‌కు దగ్గర జరిగి, "ఆ, ఇప్పుడు ఇంటి మనిషి లెక్కున్నడు" అన్నది. నేను అన్నీ చెప్పిన. దవాఖాన, ఫోటోలు, టెర్మిన్, అక్క. "పండ్లూడగొడ్త నిన్ను" అని అక్క అవుతల నుంచి అంటనే ఉంది. అంత విన్నంక పిల్ల, "మరి చెవులు కోయించుకుంటరా?" అని అడిగింది.

"మీరెట్ల చెప్తె అట్ల."

"నేను టైలర్ను. కొలతకు సరిపోయిన బట్టకు కత్తెర పెడితె నాకు పాణం ఒప్పది" అన్నది, నా చెవుల దిక్కు చూసి, "వానొస్తె కొంచెం తడుస్తయ్, అంతే కద" అన్నది. వాళ్ల నాయిన సుత ఆఖరికి నవ్విండు. అప్పుడు మాత్రం నేను తల ఊపిన చూడుర్రి, మెడ పట్టేసేదాక ఊపిన.

తెల్లారి వదిన దవాఖానకు ఫోన్ చేసి టెర్మిన్ క్యాన్సిల్ చేసింది. ఎందుకని అడిగిండ్రట. "సంబంధం కుదిరిందండీ" అని జర్మనుల చెప్పిందట. వాళ్లకేం అర్థమైందో తెల్వది. ఆ దినం ఎవలు పార్సిలు కొంటె వాళ్లకు నేను చేసిన బూందీ లడ్డు ఊకెనే పెట్టిన. సాయంత్రం మాస్కు పెట్టుకోని ట్రామెక్కిన. చెవులు రెండు ముంగటికి గుంజుకోని ఉన్నయ్. అద్దంల చూస్కోని, ఊరేగింపుల రాజుకు గొడుగులు పట్టినట్టున్నయ్ అనుకున్న.

ఇప్పుడు మా ఇంట్ల ఆమె కుట్టు మిషిను లైప్‌జిగ్ కిటికీ కాడ ఉన్నది. జర్మను పరీక్ష మొదటిసారికే పాసయింది, నేను ఇంక పొయ్యి కాడి మాటలే మాట్లాడుత. మాకొక బిడ్డ. చెవులు... మీకు చెప్పే పని లేదు. మొన్న నా పాత ఫోన్ల ఆడుకుంట ఆ టైల్సు ఫోటో తీసి, "వేర్ ఇస్ట్ దాస్?" అని అడిగింది. వాళ్లమ్మ మిషిను ఆపి నా దిక్కు చూసింది, ఏం చెప్తనో అని. నేను ఫోటోను జెరసేపు చూసిన. పాపం, మస్తు బిగవట్టుకోని నిలవడ్డడు, నవ్వితె ఏమైతదో అన్నట్టు.

"తెల్వది బిడ్డా" అన్న. "మంచి పిల్లగాడే. మీ అమ్మనే వద్దన్నది."