మూడు రోజులు మూసిన హోటల్

చెప్పాల్సిన మాటొకటి మింగేశాను. ఏళ్ళయింది, ఇంకా అరగలేదు. మా ఆవిడకు తెలియదు, గదిలో నాతో ఉండేవాళ్ళకూ తెలియదు. మీరెవరో నేనెరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది కడప వైపు పల్లె. కువైట్‌లో, జహ్రాలో ఒక ఇంటి డ్రైవర్ని. నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని, అంటే నా కఫీల్‌ను, బాబా అంటాను. మహబూలాలో ఆయనకొక చిన్న హోటల్ ఉండేది. లైసెన్సు ఆయనది, కష్టం అల్మాజ్‌ది. ఆమె ఇథియోపియా మనిషి. పులిసిన పిండితో పళ్ళెమంత అట్టు పోసి, దాని మీదే కూరలు వడ్డించి, నలుగురినీ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చోబెట్టేది. వారం వారం వెళ్ళి హోటల్ ఎలా నడుస్తోందో చూసి వచ్చి బాబాకు చెప్పడం నా పని.

ఆమె వ్యాపారం చేసే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ దేశం నుంచి కొత్తగా ఎవరు దిగినా మొదటి తిండి ఆమె దగ్గరే. పని పోయినవాళ్ళకూ అక్కడే. పనికి మనిషి కావాలంటే చురుకైనవాళ్ళను చూసుకోదు, చుట్టాల్లో ఎవరు ఇబ్బందిలో ఉంటే వాళ్ళను పెట్టుకుంటుంది. ఏదైనా మాట్లాడదామని వెళ్తే అప్పటికప్పుడు కాఫీ గింజలు వేయించి, దంచి, మూడు విడతలు కాచి పోస్తుంది. మూడోది తాగకుండా లేస్తే దీవెన వదిలేసి పోయినట్టట. "ఇది హోటలా, సత్రమా?" అని లక్ష్మమ్మ దగ్గర ఎగతాళి చేసేవాడిని. లక్ష్మమ్మ మా వైపు ఆమే, అక్కడ గిన్నెలు కడిగేది. నవ్వి ఊరుకునేది. అంత ధర్మం చేస్తున్నా ఆ హోటల్ ఎప్పుడూ కిటకిటలాడేది. నా మంటంతా అదే. అది నా చేతికొస్తే ఎలా నడపాలో చూపిస్తానని లోలోపల ఎన్నాళ్ళనుంచో ఉడికిపోతున్నాను.

ఒకసారి జహ్రాలో వాళ్ళ దేశం పనిమనిషి ఒకామె చనిపోయింది. అల్మాజ్ ఆమెను ఎన్నడూ చూసి ఎరగదు. అయినా హోటల్ మూసేసి, బల్లలు పక్కకు జరిపి, చాపలు పరిచింది. సెలవు దొరికిన ఆడవాళ్ళంతా వచ్చి, కూర్చుని, ఏడ్చి వెళ్తున్నారు. నేను వెళ్ళేసరికి అల్మాజ్ గుమ్మంలోకి వచ్చింది.

"అఖూయా, బాబాకు నువ్వు చెప్పు. నా అరబ్బీ ఆయనకు ఎక్కదు. మా మనిషి పోయింది, మూడు రోజులు, తర్వాత తెరుస్తానని చెప్పు."

అఖూయా అంటే తోడబుట్టినవాడా అని. సరేనన్నాను. ఆ రోజు బాబాకు చెప్పలేదు.

మర్నాడు బాబా తనే బయల్దేరాడు. కారు హోటల్ ఎదుట ఆపాను. మూసిన షట్టరు, పక్క తలుపులోంచి లోపలికి పోతున్న ఆడవాళ్ళు. ఆయన ముఖం మాడిపోయింది. "ఎందుకు మూసింది? లోపల ఏం జరుగుతోంది?" అన్నాడు.

నాకు తెలియదా? మా వీధిలో శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి రాజేయరు. మా నాన్న పోయినప్పుడు, మాతో మాటల్లేని ఎదుటి టీకొట్టాయన కొట్టు కట్టేసి వచ్చి పొద్దుగూకేదాకా మా అరుగు మీద కూర్చున్నాడు. ఆ మాట బాబాతో చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

"ఏమో బాబా," అన్నాను. "ఎవరెవరో వస్తున్నారు. ఎవరికి ఇఖామా ఉందో, ఎవరికి లేదో."

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే అనుమతి. అది లేనివాళ్ళు తన హోటల్లో దొరికితే పోలీసుల ముందు నిలబడాల్సింది తానేనని ఆయనకు ఎప్పుడూ భయం. ఆ భయం ఎక్కడుందో నాకు తెలుసు. సరిగ్గా అక్కడే వేలు పెట్టాను. నేనన్నదాంట్లో అబద్ధం ఉందా? లేదు. నిజంగానే నాకు వాళ్ళెవరో తెలియదు. ఈ సందులో దూరి దాక్కుందామని ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ నా చెయ్యి నేనే పట్టుకుని బయటికి లాక్కున్నాను.

"ఖలాస్," అన్నాడు బాబా, ఇక అయిపోయిందని. ఇంటికి చేరేదాకా దారిలో ఎన్ని సిగ్నళ్ళ దగ్గర ఆగాం! ఎక్కడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

అల్మాజ్ ఇఖామా రద్దు చేయించాడు. ఆమెను విమానాశ్రయంలో దింపే పని నాకే పడింది. లక్ష్మమ్మ తోడు వచ్చింది. వెనక సీట్లోంచి నన్నే ఓదార్చింది.

"నువ్వు జెప్పినావు గదబ్బీ. ఆయప్ప ఇనకుంటే నువ్వేం జేస్తావు? మనసులో పెట్టుకోవాకు."

తేలు కుట్టిన దొంగలా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. అల్మాజ్‌కు తెలుగు రాదు. ఆ మాటల్లో ఏం అర్థమైందో, దిగేటప్పుడు నా భుజం తట్టింది.

హోటల్ నా చేతికొచ్చింది. ఉచితం లేదు, చావులకు మూయడం లేదు. ఎండలు ముదిరేలోపే ఈగలు తోలుకునే స్థితికి వచ్చాను. కష్టంలో అక్కడ తిన్నవాళ్ళే తర్వాత పదిమందిని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళని అప్పుడు తెలిసింది. హోటల్ మూతపడింది. అది నాకు పడిన శిక్ష అనుకుందామని చూశాను. ఏం శిక్ష? మళ్ళీ డ్రైవర్నయ్యాను, అంతే. ఆమెకు వాళ్ళ దేశంలో పని దొరికిందా, ఆమె మీద ఆధారపడినవాళ్ళు ఏం తిన్నారు, ఏదీ తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. భయం.

లక్ష్మమ్మ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. మంచోడివబ్బీ అంటుంది. ఆమెతో చెప్పాలి. చెబుతానని మీకు మాటివ్వలేను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించినా చెల్లదు. క్షమించాల్సిన మనిషి ఎక్కడుందో నాకే తెలియదు. ఇన్నాళ్ళూ ఆ కార్లో నేనేం చేశానో తెలిసినవాణ్ణి నేనొక్కడినే. ఇప్పుడు మీకూ తెలుసు. మీరు నన్ను అసహ్యించుకున్నా సరే, నేనొక్కడినే కాదు.