వేడెక్కితేనే చచ్చే కాయిల్

మెకానిక్ అడూసే షెడ్డుకి ఎదురుగా నేను పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ముద్దలు అమ్మబట్టి పద్దెనిమిదేళ్లు. కుమాసీ నగరంలో మా సువామే పేట షెడ్లలో మెకానిక్కులకు కొదవ లేదు గానీ, ఇంజిను దగ్గుతోందంటే మాత్రం అందరూ అతని దగ్గరికే తోలుకొచ్చేవాళ్లు. ఇంజిను నడుస్తుండగానే, ప్లగ్గులకు నిప్పురవ్వనిచ్చే కాయిళ్ల వైర్లు ఒక్కొక్కటే పీకి చెవి ఒగ్గేవాడు. పీకగానే ఇంజిను ఇంకా కుంటితే ఆ సిలిండరు బాగున్నట్టే. ఏ మార్పూ లేకపోతే రోగం అక్కడే. అప్పుడు ఆ కాయిల్ తీసి పక్క సిలిండరుకి పెట్టేవాడు. రోగం దానివెంటే పోతే కాయిల్ చెడినట్టు, పోకపోతే ప్లగ్గో మరోటో. అంతా పది నిమిషాల పని.

టాక్సీ నడిపే బాదు ఒక మంగళవారం పొద్దున్నే బండి తెచ్చాడు.

"మాస్టరూ, నిన్న మిట్టమధ్యాహ్నం ఎండలో గుట్ట ఎక్కుతుంటే దీనికి ఊపిరాడలేదు. ఇప్పుడు చూడు, ఏమీ ఎరగనట్టు ఎలా ఉందో!"

"యజమాని బుద్ధే వచ్చింది," అన్నాడు అడూసే. నేను పడీపడీ నవ్వాను.

వైర్లు పీకి చూశాడు. నాలుగు కాయిళ్లూ బాగానే పలికాయి. మూడో ప్లగ్గు నల్లబడి ఉంటే మార్చాడు.

"ఇక పో. టెచిమాన్ దాకా కళ్లు మూసుకుని పోవచ్చు."

"కళ్లు తెరుచుకునే పోతాలే మాస్టరూ. ఇంట్లో నా పెళ్లాం ఊరుకోదు."

ఆ రోజే, దారిలో ఆఫిన్సో ఊరు దాటాక, దుంగల లారీని దాటబోయి ఎదురొచ్చే లారీ కింద పడి అక్కడికక్కడే పోయాడు. వెనక సీట్లో కూర్చున్నామె కాలు విరిగి బతికింది. సగం దాటాక బండి ఉన్నట్టుండి నీరసపడిపోయిందని ఆమె చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. డ్రైవరు తొందరపడ్డాడన్నారు.

నుజ్జయిన బండి శుక్రవారం పాత ఇనుము కింద మా షెడ్లకే వచ్చింది. అడూసే దాని కాయిళ్లు విప్పి తెచ్చి, తన దగ్గరున్న మరో ఇంజినుకి పెట్టి, స్టార్టు చేసి ఎదురుగా కూర్చున్నాడు. అరగంటైనా ఏమీ లేదు. గంట కావస్తుండగా ఇంజిను దగ్గింది. రెండో కాయిల్. చల్లారనిచ్చి మళ్లీ నడిపితే చక్కగా నడిచింది. వేడెక్కగానే మళ్లీ చచ్చింది. నేను గిన్నె కింద పెట్టి అతని మొహమే చూస్తూ ఉండిపోయాను.

పక్క టైర్ల షెడ్డు అంపోన్సా వచ్చి, "పిచ్చా నీకు? ఆ ముక్క కాలవలో పారెయ్. చచ్చినోడు లేచొచ్చి చెప్తాడా?" అన్నాడు.

"వాడు చెప్పే పోయాడ్రా. ఎండలో అని చెప్పాడు. నేనే వినలేదు."

మా దగ్గర శవాన్ని మార్చురీలో ఉంచి, చుట్టాలంతా కూడాకే సాగనంపుతారు; నెల తర్వాత శనివారం బాదు అంత్యక్రియలు. నల్లగుడ్డ కట్టుకుని అడూసే వెళ్తుంటే నేనూ తోడు వెళ్లాను. బాదు భార్య ఆఫ్రియే ముందు గొంతుక్కూర్చుని, ఏదీ దాచకుండా అంతా చెప్పాడు.

"చెప్పి నీ బరువు దించుకున్నావు," అంది. "నిన్నటిదాకా దేవుడు తీసుకుపోయాడనుకుని ఏడ్చాను. ఇప్పుడు దేవుడనుకోలేను, ఒప్పుకున్న నిన్నూ తిట్టలేను, ఇంకెవర్ని తిట్టుకోను? పో అయ్యా. నా ముందుకి మళ్లీ రాకు."



అప్పట్నుంచి అడూసే ఏ బండొచ్చినా గంటసేపు ఎండలో నడిపి చూడందే వదలడు. డ్రైవర్లకు అంత ఓపిక ఎక్కడిది? "ముసలాడికి చెవులు పోయాయి," అని పక్క షెడ్లకి మళ్లారు. అడూసే భార్య పుట్టింటికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

పోయిన ఎండాకాలం ఒక రొట్టెల వ్యాను వచ్చింది. నలభై నిమిషాలు శుభ్రంగా నడిచి, ఉన్నట్టుండి దగ్గింది. అచ్చం అదే రోగం. ఆ డ్రైవరు అప్పటిదాకా ఆలస్యమైపోతోందని అతన్ని తిడుతూనే ఉన్నాడు. అడూసే కాయిల్ మార్చి, షెడ్డు వెనక్కి వెళ్లి గోడకి తల ఆనించి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నేను చూడనట్టు పొయ్యి ఎగదోసుకున్నాను.

ఆ డ్రైవరు మళ్లీ రాలేదు. అడూసే పని మరీ నిదానమట.